ఎంజీబీఎస్‌లో బస్సెక్కేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: మన బస్సు ఏ రోడ్డు మీదుగా ఊరు దాటుతుందో తెలియకపోవడం. రోడ్డు తెలిస్తే ఎక్కడ ఎక్కాలో, ఎంత ముందు బయల్దేరాలో, పండగ రోజున ఎక్కడికి పరుగెత్తాలో, వరదొస్తే ఎటు పోవాలో అన్నీ వాటంతటవే తేలిపోతాయి. అందుకే కింది జవాబుల్లో మళ్ళీ మళ్ళీ రోడ్డు మాటే వస్తుంది.

ఎంజీబీఎస్, ఇమ్లీబన్, సీబీఎస్, గౌలిగూడ బస్టాండ్... ఇవన్నీ ఒకటేనా?

ఎంజీబీఎస్, ఇమ్లీబన్ ఒకటే. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. మూసీ నది మధ్యలోని దిబ్బ మీద 1994లో ఈ బస్టాండ్ మొదలైంది. అంతకుముందు జిల్లాల బస్సులు నదికి ఇవతల గౌలిగూడలో ఆగేవి. దాన్నే సెంట్రల్ బస్ స్టేషన్, అంటే సీబీఎస్ అనేవారు. విమానాల షెడ్డులాంటి పెద్ద రేకుల కట్టడం అది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించిన కాలం నాటిది. 2018 జులై 5న కుప్పకూలింది, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కట్టడం పోయినా పేరు పోలేదు. సిటీ బస్సులో కండక్టర్ "సీబీఎస్, సీబీఎస్" అని కేకేస్తే దిగాల్సింది అక్కడే, అక్కడి నుంచి ఎంజీబీఎస్‌కు నడిచి రావచ్చు. ఆటో అతనికి మాత్రం "ఇమ్లీబన్ బస్టాండ్" అని చెప్పండి, ఇంకే అనుమానమూ ఉండదు.

మా ఊరి బస్సు ఎంజీబీఎస్ నుంచి పోతుందా, జేబీఎస్ నుంచా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్, ఆదిలాబాద్, సిద్దిపేట, మెదక్ వైపు వెళ్ళాలంటే సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్‌కు, అంటే జేబీఎస్‌కు వెళ్ళండి. ఆ వైపు బస్సులు కొన్ని ఎంజీబీఎస్‌లో మొదలైనా జేబీఎస్ మీదుగానే పోతాయి. కాబట్టి ఉత్తర తెలంగాణకు వెళ్ళేవారు పాతబస్తీ దాకా రావాల్సిన పని సాధారణంగా ఉండదు.

మిగతా దిక్కులన్నీ ఎంజీబీఎస్‌వే. సూర్యాపేట, ఖమ్మం, భద్రాచలం, విజయవాడ, అక్కడి నుంచి కోస్తా ఊళ్ళకు పోయే బస్సులు ఎల్బీనగర్ మీదుగా వెళ్తాయి. నల్గొండ, మిర్యాలగూడ బస్సులదీ అదే దారి. యాదగిరిగుట్ట, జనగామ, హనుమకొండ, వరంగల్ బస్సులు ఉప్పల్ మీదుగా. మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, బెంగళూరు బస్సులు ఆరాంఘర్ మీదుగా. శ్రీశైలం, అచ్చంపేట, కల్వకుర్తి బస్సులు తుక్కుగూడ, కడ్తాల్ మీదుగా. దేవరకొండ, నాగార్జునసాగర్ బస్సులు ఇబ్రహీంపట్నం రోడ్డులో. వికారాబాద్, తాండూరు బస్సులు మెహదీపట్నం, చేవెళ్ళ మీదుగా. సంగారెడ్డి, జహీరాబాద్, బీదర్ బస్సులు పటాన్‌చెరు మీదుగా. కర్ణాటక, మహారాష్ట్ర ఆర్టీసీల బస్సులు కూడా ఎంజీబీఎస్‌కే వస్తాయి.

ప్రైవేటు ట్రావెల్స్ బస్సుకు టికెట్ తీసుకుని ఇక్కడికి వచ్చి వెతుకుతుంటారు కొందరు. ఆ బస్సులు ఎంజీబీఎస్ లోపలికి రావు. లక్డీకాపూల్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్, ఎల్బీనగర్ లాంటి చోట్ల రోడ్డు పక్కన ఆగుతాయి. టికెట్ మీద "హైదరాబాద్" అని మాత్రమే చూసి బయల్దేరకండి, ఎక్కే చోటు పేరు చదవండి.

పొరపాటున ఒక బస్టాండ్‌కు బదులు ఇంకోదానికి వచ్చేశాను. ఇప్పుడెలా?

ఆటో మాట్లాడకండి. మెట్రో గ్రీన్ లైన్ సరిగ్గా ఈ రెండు బస్టాండ్లనే కలుపుతుంది. ఒక చివర ఎంజీబీఎస్, రెండో చివర జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ స్టేషన్, ప్రయాణం పదహారు నిమిషాలు. 2020 ఫిబ్రవరి 7న ఇది మొదలయ్యే దాకా ఇదే దూరానికి సాయంత్రం పూట గంట పట్టేది. రైలు కోసం ఆగడం, మెట్లు, నడక కలుపుకుని ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు లెక్కేసుకోండి. బస్సుకు అంతకంటే తక్కువ టైమే ఉంటే పరుగు దండగ. ఆ టికెట్ వదిలేసి తర్వాతి బస్సు చూసుకోవడం మంచిది.

మెట్రోలో ఎంజీబీఎస్‌కు ఎలా రావాలి?

ఇక్కడ రెండు లైన్లు కలుస్తాయి: మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైన్, జేబీఎస్ నుంచి వచ్చే గ్రీన్ లైన్. స్టేషన్ నుంచి బస్టాండ్‌లోకి నడక వంతెన ఉంది, రోడ్డు దాటాల్సిన పని లేదు.

కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, దిల్‌సుఖ్‌నగర్ వైపు వారికి రెడ్ లైన్ నేరుగా వస్తుంది. హైటెక్ సిటీ, రాయదుర్గం నుంచి వచ్చేవారు అమీర్‌పేటలో మారాలి. ఉప్పల్, తార్నాక నుంచి వచ్చేవారు అమీర్‌పేట దాకా పోకుండా పరేడ్ గ్రౌండ్‌లో దిగి గ్రీన్ లైన్ ఎక్కితే దగ్గర దారి. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో దిగినవారు సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి తర్వాతి స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌లో మారవచ్చు. సామాను తక్కువైతే సికింద్రాబాద్ వెస్ట్ దాకా నడిస్తే ఒకే రైల్లో వచ్చేస్తారు. నాంపల్లి రైల్వే స్టేషన్ నుంచి మూడో స్టేషనే ఎంజీబీఎస్. కాచిగూడ స్టేషన్ నుంచి మాత్రం ఆటోనే సులువు, దూరం తక్కువ.

మొదటి రైలు ఉదయం ఆరింటికి. కాబట్టి ఐదున్నర బస్సుకు మెట్రోను నమ్ముకోవద్దు. రాత్రి పదకొండు దాటాక బస్టాండ్‌లో దిగేవారిదీ అదే పరిస్థితి. పండగ ముందు రోజుల్లో మెట్రో స్టేషన్లలో బ్యాగుల తనిఖీ దగ్గరే వరుస పెరుగుతుంది, పెద్ద మూటలుంటే ఇరవై నిమిషాలు అదనంగా పెట్టుకోండి.

ఎంజీబీఎస్ దాకా రాకుండా దారిలో ఎక్కడైనా ఎక్కవచ్చా?

ఎక్కవచ్చు. ఎల్బీనగర్, ఉప్పల్, ఆరాంఘర్ దగ్గర ఇళ్ళున్నవారు బస్టాండ్‌కు వచ్చి, మళ్ళీ అదే బస్సులో తమ ఇంటి ముందు నుంచే వెళ్ళడం ఎందుకు? అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

రిజర్వేషన్ ఉంటే, బుక్ చేసేటప్పుడే ఎక్కే చోటును ఎల్బీనగర్ అనో ఉప్పల్ అనో ఎంచుకోండి. ఎంజీబీఎస్ అని పెట్టి ఎల్బీనగర్‌లో నిలబడితే, డ్రైవర్ దగ్గరున్న జాబితాలో మీరు ఎంజీబీఎస్‌లో రాని మనిషి. మీ సీట్లో ఇంకొకరు కూర్చుని ఉండవచ్చు. రిజర్వేషన్ లేకపోతే దారిలో ఎక్కినవారికి నిలబడే చోటే మిగులుతుంది. వృద్ధులు, పిల్లలతో ఉన్నవారు, నాలుగైదు గంటల ప్రయాణం చేసేవారు బస్సు మొదలయ్యే చోటుకే రావాలి.

ఇక బీహెచ్ఈఎల్, మియాపూర్, కేపీహెచ్‌బీలో బయల్దేరే బస్సుల సంగతి. వాటిలో కొన్ని ఎంజీబీఎస్ మీదుగా పోతాయి, కొన్ని ఔటర్ రింగ్ రోడ్డెక్కి బస్టాండ్ ముఖం చూడకుండానే వెళ్ళిపోతాయి. టికెట్ మీద కనబడే టైము బస్సు మొదటి చోట బయల్దేరే టైమా, మీరు ఎక్కే చోటి టైమా అన్నది చూసుకోండి. రెంటికీ మధ్య గంట, గంటన్నర తేడా ఉంటుంది.

లోపలికి వచ్చాక ప్లాట్‌ఫారం ఎలా కనుక్కోవాలి?

డెబ్బైకి పైగా బస్సులు ఒకేసారి నిలబడే చోటు ఇది. ప్లాట్‌ఫారాలు దిక్కుల వారీగా ఉంటాయి: విజయవాడ వైపువన్నీ ఒకచోట, మహబూబ్‌నగర్–కర్నూలు వైపువన్నీ ఒకచోట. లోపలికి రాగానే విచారణ కౌంటర్‌లో అడగండి. అడిగేటప్పుడు ఊరి పేరు ఒక్కటే కాక బస్సు రకం కూడా చెప్పండి. "విజయవాడ" అంటే ఒక జవాబు, "విజయవాడ సూపర్ లగ్జరీ, రిజర్వేషన్ ఉంది" అంటే ఇంకో జవాబు రావచ్చు. ఒకే ఊరికి ఎక్స్‌ప్రెస్‌లు ఒకచోట, ఏసీ బస్సులు ఇంకోచోట నిలుస్తాయి. తెలంగాణ బస్సులు, ఆంధ్ర బస్సులు వేరు వేరు చోట్ల ఉండటం కూడా మామూలే.

ప్లాట్‌ఫారం దగ్గర ఖాకీ బట్టల్లో చేతిలో కాగితాలతో నిలబడే కంట్రోలర్ మాటే ఆఖరి మాట. టీ కొట్టు వాళ్ళనూ, పక్క ప్రయాణికులనూ అడగడం కన్నా ఆయన్ని అడగడం మేలు. ఏ బస్సు డిపో నుంచి బయల్దేరిందో, ఏది రద్దయిందో ఆయనకే తెలుస్తుంది.

బస్సు ముందున్న బోర్డులో ఏం చూడాలి?

పెద్ద అక్షరాల్లో ఉన్న ఊరి పేరు చూసి ఎక్కేస్తే చాలదు. కింద చిన్న అక్షరాల్లో "వయా" అని ఉన్న ఊళ్ళు చదవండి. మీరు దిగాల్సింది చివరి ఊళ్ళో కాక మధ్యలో అయితే అసలు కీలకం అదే. ఖమ్మం వెళ్ళే బస్సులన్నీ ఒకే దారిలో పోవు. నాన్‌స్టాప్ బస్సు మీ ఊరి బైపాస్ మీదుగా దూసుకుపోతుంది తప్ప బస్టాండ్‌లోకి రాదు. మెట్టెక్కే ముందే "చౌటుప్పల్‌లో ఆపుతారా?" అని అడిగి ఎక్కండి. టికెట్ కొట్టాక అడిగితే గొడవ తప్ప ఫలితం ఉండదు.

రిజర్వేషన్ ఉన్నవారు సర్వీస్ నంబర్ చూసుకోవాలి. రాత్రి తొమ్మిది, పది మధ్య ఒకే ఊరికి పావుగంటకో సూపర్ లగ్జరీ ఉంటుంది. అన్నిటి రంగూ ఒకటే, బోర్డూ ఒకటే. అన్నిట్లోనూ పదిహేడో నంబర్ సీటు ఉంటుంది. సీటు నంబర్ చూసి కూర్చుని, బస్సు కదిలాక తప్పు తెలిసి దిగినవారు రోజూ ఉంటారు.

టికెట్ ముందే తీసుకోవాలా, బస్సులోనా?

పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో కండక్టర్ బస్సులోనే ఇస్తాడు. కొన్ని బస్సులకు కండక్టర్ ఉండడు, డ్రైవరే టికెట్ మిషన్ పట్టుకుని అందరికీ కొట్టి తర్వాత స్టీరింగ్ దగ్గరికి వెళ్తాడు. నాన్‌స్టాప్‌లకు ప్లాట్‌ఫారం మీదే సిబ్బంది టికెట్లు ఇస్తారు, దీన్ని గ్రౌండ్ బుకింగ్ అంటారు. అలాంటి బస్సులో టికెట్ లేకుండా కూర్చుంటే లేపి కిందికి పంపుతారు.

సూపర్ లగ్జరీ, రాజధాని, గరుడ ప్లస్, లహరి బస్సులకు రిజర్వేషన్ చేయించుకోవడమే మంచిది. శుక్రవారం రాత్రి, ఆదివారం సాయంత్రం, పండగ ముందు అయితే తప్పనిసరి. ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, ఐదు నుంచి పన్నెండేళ్ళ వారికి సగం. ఫోన్‌తో చెల్లింపు చాలా చోట్ల పనిచేస్తుంది, కానీ బస్సులో సిగ్నల్ లేని క్షణంలో వెనక నలభై మంది ఎదురుచూస్తుంటారు. టికెట్ డబ్బులకు సరిపడా చిల్లర జేబులో ఉంచుకోండి.

కర్చీఫ్ వేస్తే సీటు మనదేనా?

బస్సు ఇంకా ప్లాట్‌ఫారానికి చేరకముందే కిటికీలోంచి కర్చీఫో, సంచో, నీళ్ళ సీసానో లోపలికి పడుతుంది. వేసిన మనిషి తలుపు దగ్గర తోపులాటలో ఉంటాడు. ఇదంతా అలవాటే తప్ప నియమం కాదు. రిజర్వేషన్ లేని బస్సులో ముందు కూర్చున్నవారిదే సీటు. రిజర్వేషన్ ఉన్న బస్సులో టికెట్ మీద నంబర్ ఉన్నవారిదే. కర్చీఫ్ తీసి పక్కన పెట్టి కూర్చుంటే తప్పు పట్టేవారు లేరు, కానీ దాని కోసం మాటా మాటా పెంచుకోవద్దు.

అసలు ప్రమాదం వేరే ఉంది. వెనక్కి తిరుగుతూ ప్లాట్‌ఫారంలోకి వస్తున్న బస్సుకు పక్కనే పరుగెత్తడం. రివర్స్‌లో ఉన్న డ్రైవర్‌కు అద్దంలో వెనక మూల కనబడదు. కిటికీలోకి చెయ్యి పెట్టి పరుగెత్తే మనిషి ఆ మూలలోనే ఉంటాడు. బస్సు పూర్తిగా ఆగే దాకా ప్లాట్‌ఫారం అంచు దిగకండి, పిల్లల చెయ్యి వదలకండి. సీటు దొరక్కపోతే తర్వాతి బస్సు ఉంది.

ఒకే ఊరికి తెలంగాణ బస్సు, ఆంధ్ర బస్సు రెండూ ఉన్నాయి. ఏది ఎక్కాలి?

ఏదైనా ఫర్వాలేదు, రెండూ ఒకే రోడ్డు మీద ఒకే ఊరికి పోతాయి. తేడాలు టికెట్ దగ్గర. టీజీఎస్ఆర్టీసీ, ఏపీఎస్ఆర్టీసీ వెబ్‌సైట్లు వేరు, యాప్‌లు వేరు. ఒకదాంట్లో సీట్లు నిండితే రెండోదాంట్లో వెతకడం చాలామందికి తట్టదు. పండగ రోజుల్లో సీటు దొరికేది అక్కడే. ఒకరి టికెట్‌తో ఇంకొకరి బస్సు ఎక్కనివ్వరు. ఏపీఎస్ఆర్టీసీ బస్సుల్లో అరవై ఏళ్ళు దాటినవారికి ఛార్జీలో 25 శాతం రాయితీ ఉంది, వయసు తెలిపే గుర్తింపు కార్డు చూపాలి.

ఎవరి బస్సులు ఎన్ని అన్నది 2020 నవంబర్ 2న రెండు సంస్థలూ కుదుర్చుకున్న ఒప్పందంలో తేలింది. తెలంగాణ 826 బస్సులతో ఆంధ్రలో రోజుకు 1,61,258 కిలోమీటర్లు, ఆంధ్ర 638 బస్సులతో తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు. ఆ ఏడాది లాక్‌డౌన్‌లో ఆగిన అంతర్రాష్ట్ర బస్సులు ఈ లెక్క కుదిరాకే మళ్ళీ కదిలాయి.

మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఇక్కడి నుంచి ఏ బస్సుల్లో వర్తిస్తుంది?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు టీజీఎస్ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలోనూ అంతే. డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో పూర్తి ఛార్జీ కట్టాలి.

ఉచితమైనా టికెట్ తీసుకోవాలి. దాన్ని జీరో టికెట్ అంటారు. సంస్థకు ప్రభుత్వం డబ్బు చెల్లించేది ఆ టికెట్ల లెక్క చూసే, అందుకే "ఎలాగూ ఫ్రీయే కదా" అని తీసుకోకుండా కూర్చోవద్దు.

చిక్కు వచ్చేది కార్డు దగ్గర. అసలు కార్డే కావాలి, జిరాక్స్ గానీ ఫోన్‌లో ఫొటో గానీ ఒప్పుకోరు. కార్డు మీద తెలంగాణ చిరునామా ఉండాలి. చిరునామా ఉండదు కాబట్టి పాన్ కార్డు చెల్లదు. రాష్ట్రం విడిపోకముందు తీసుకున్న ఆధార్‌లో ఊరు తెలంగాణదే అయినా రాష్ట్రం "ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న పెద్దావిడలు ఆ ఒక్క మాట వల్ల బస్సులో తలదించుకుని డబ్బులు కట్టాల్సి రావడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ కార్డులు ఒకసారి తీసి చూడండి, పాతవైతే ఆధార్ కేంద్రంలో మార్పించండి.

పక్క రాష్ట్రానికి పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో సరిహద్దు దాకా ఉచితం, అక్కడి నుంచి టికెట్. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు. కాబట్టి హైదరాబాద్‌లో ఆంధ్ర బస్సు ఎక్కే మహిళలు పూర్తి ఛార్జీ పెట్టుకోవాలి.

సంక్రాంతికి ఊరెళ్ళాలి. ఏం చేయాలి?

రిజర్వేషన్ తెరిచిన రోజునే తీసుకోండి. జనవరి 10 నుంచి 13 దాకా రాత్రి బస్సులు ముందు నిండుతాయి, పగటి బస్సుల్లో సీట్లు ఆలస్యంగా నిండుతాయి. విజయవాడ దాకా సుమారు 275 కిలోమీటర్లు, ఐదారు గంటలు. ఉదయం ఆరింటి బస్సు ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగిపోవచ్చు. అక్కడి పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి కోస్తా ఊళ్ళకు బస్సులు దొరుకుతాయి. నేరుగా సీటు దొరకనప్పుడు ఇలా రెండు ముక్కలుగా వెళ్ళడం మంచి మార్గం.

"ఛార్జీ ఎందుకు పెంచారు?" అని ప్రతి ఏటా అడుగుతారు. రోజూ నడిచే బస్సులకు పెంచరు. అదనంగా వేసిన ప్రత్యేక బస్సులకే ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చని 2003లో వచ్చిన జీవో 16 చెబుతుంది. కారణం సూటిగానే ఉంది: పండగ ముందు ఇక్కడి నుంచి నిండుగా పోయిన బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది, ఆ డీజిల్ ఖర్చు ఎక్కడో ఒకచోట రావాలి. ఎక్కే ముందు "ఇది రెగ్యులరా, స్పెషలా?" అని అడగండి. ప్రత్యేక బస్సుల్లో కొన్ని సిటీ బస్సులే. వాటి సీట్లు వెనక్కి వాలవు, సామాను పెట్టుకునే చోటు ఉండదు. ఆరు గంటల ప్రయాణానికి నడుము నొప్పి ఉన్నవారు అవి ఎక్కకపోవడమే మేలు.

ఆ రోజుల్లో నగరం దాటడానికే గంటకు పైగా పట్టవచ్చు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ ముందు కార్ల వరుస పెరిగితే బస్సూ అందులోనే చిక్కుకుంటుంది. విజయవాడలో రైలో ఇంకో బస్సో అందుకోవాల్సి ఉంటే కనీసం మూడు గంటల తేడా పెట్టుకోండి.

శ్రీశైలం బస్సు రాత్రి దొరుకుతుందా?

టైము చూసుకోకుండా రావద్దు. దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రాకపోకలు ఆపేస్తారు, రోడ్డు మీదికొచ్చే జంతువులను కాపాడుకోవడానికి. హైదరాబాద్ నుంచి మన్ననూరుకే మూడు గంటల పైన పడుతుంది. కాబట్టి సాయంత్రం ఐదు దాటాక బయల్దేరడం అంటే గేటు ముందు చిక్కుబడే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. తెల్లవారుజామున బయల్దేరే బస్సులే అన్ని విధాలా మంచివి. ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పేవారు ముందు వరుసలో కూర్చుని, తేలిగ్గా తిని ఎక్కండి. శివరాత్రి రోజుల్లో ఏర్పాట్లు వేరుగా ఉంటాయి, అడిగి తెలుసుకోండి.

బస్సు టైముకు రాలేదు. ఎక్కడుందో తెలుసుకోవచ్చా?

తెలంగాణ బస్సులకు గమ్యం యాప్, ఆంధ్ర బస్సులకు ఏపీఎస్ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ ఉన్నాయి. బస్సులోని పరికరం పనిచేస్తేనే కదలిక కనబడుతుంది. మొదట వేయాల్సిన బండి చెడిపోయి డిపో నుంచి ఇంకోటి పంపితే యాప్‌లో పాత బండే కనబడవచ్చు. అప్పుడు కంట్రోలర్‌ను అడగండి. టీజీఎస్ఆర్టీసీ కాల్ సెంటర్ నంబర్లు 040-69440000, 040-23450033.

దారిలో హోటల్ దగ్గర బస్సు ఆగినప్పుడు వదిలేసి పోతారేమోనని భయం. ఏం చేయాలి?

దిగే ముందు రెండు పనులు చేయండి: ఎన్ని నిమిషాలు ఆపుతారో అడగండి, బస్సు నంబర్ ప్లేట్ ఫొటో తీసుకోండి. సూర్యాపేట దగ్గర రాత్రి పూట ఒకే రంగు బస్సులు అరడజను వరుసగా నిలబడి ఉంటాయి. టీ తాగి వచ్చేసరికి మీ బస్సు ముందుకు జరిగి ఉంటుంది, దాని చోటులో ఇంకోటి ఉంటుంది. నంబర్ చివరి నాలుగు అంకెలు తెలిస్తే చాలు. పక్క సీటు వారికి "ఇప్పుడే వస్తాను" అని ఒక మాట చెప్పి దిగండి. డ్రైవర్ తలలు లెక్కపెట్టడం మర్చిపోయినా వాళ్ళు చెబుతారు.

బస్సు మధ్యలో చెడిపోతే?

అదే సంస్థ వెనక బస్సులో ఎక్కించడం ఆనవాయితీ. టికెట్ పారేయకండి, ఆ బస్సులో అదే చూపాలి. వెనక వచ్చేది తక్కువ రకం బస్సు అయితే ఛార్జీ తేడా సంగతి దిగకముందే కండక్టర్‌ను అడగండి. డబ్బు వాపసుకు తర్వాత దరఖాస్తు చేయాల్సి వస్తే టికెట్ ఫొటో, చెడిపోయిన చోటు, టైము పనికొస్తాయి.

మూసీకి వరదొస్తే బస్టాండ్ మూసేస్తారా?

2025 సెప్టెంబర్ 26 రాత్రి అదే జరిగింది. ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తడంతో నీళ్ళు నేరుగా ఎంజీబీఎస్ ప్రాంగణంలోకి వచ్చాయి. లోపలున్న ప్రయాణికులను బయటికి చేర్చాల్సి వచ్చింది. ఆ రెండు చెరువులూ 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికే కట్టినవి. బస్టాండ్ మాత్రం నది ఒడిలోనే ఉంది, వంతెనలు దాటి లోపలికి రావాలి.

అప్పుడు బస్సులు ఆగలేదు, ఊరి అంచుల నుంచి నడిచాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మెదక్ వైపువి జేబీఎస్ నుంచి, వరంగల్, హనుమకొండవి ఉప్పల్ చౌరస్తా నుంచి, నల్గొండ, సూర్యాపేట, విజయవాడవి ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరువి ఆరాంఘర్ నుంచి. పైన చెప్పిన రోడ్ల లెక్కే ఇది. వానాకాలంలో గేట్లు ఎత్తారన్న వార్త వింటే బయల్దేరే ముందు కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. లోపల ఉండగా నీళ్ళు పెరుగుతుంటే సామాను కోసం ఆగవద్దు, సిబ్బంది చెప్పిన వైపు కదలండి.

నాలుగు గంటల టైముంది. ఏం చేయవచ్చు?

సామాను క్లోక్ రూమ్‌లో పెట్టి సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళవచ్చు, మూసీ ఒడ్డునే ఉంది. శుక్రవారం సెలవు. చార్మినార్ రెండు కిలోమీటర్ల లోపే. సాయంత్రం పూట మాత్రం తిరిగి వచ్చే దారిలో అఫ్జల్‌గంజ్ దగ్గర రద్దీ ఎక్కువ, బస్సుకు గంట ముందే వెనుదిరగండి.

రాత్రంతా బస్టాండ్‌లో ఉండాల్సి వస్తే?

వెలుతురు, మనుషులు ఉన్న చోట, విచారణ కౌంటర్‌కు దగ్గరగా కూర్చోండి. బ్యాగు పట్టీ చేతికి చుట్టుకోండి. ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోవద్దు, ఎక్కువగా పోయేవి అవే. బయట ఆటో ఎక్కేటప్పుడు ముందే ధర మాట్లాడుకుని, నంబర్ ఇంట్లో వారికి పంపండి. ఇబ్బంది అనిపిస్తే 112కు ఫోన్ చేయండి.

బస్సులో బ్యాగు మర్చిపోయి దిగిపోయాను. దొరుకుతుందా?

ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత ఆశ ఉంటుంది. మీ చేతిలోని చిన్న టికెట్ ముక్కే ఇక్కడ ఆధారం. దాని మీద డిపో పేరు, తేదీ, టైము, టికెట్ నంబర్ ఉంటాయి. కాల్ సెంటర్‌కు ఇవి చెబితే ఆ డిపోకు, అక్కడి నుంచి కండక్టర్‌కు కబురు వెళ్తుంది. బస్సు ఆఖరి ఊరు చేరి ఊడ్చే లోపే వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. ఆ కాగితం వేడికి నల్లబడుతుంది, చెమట తగిలితే అక్షరాలు మాసిపోతాయి. అందుకే టికెట్ చేతిలో పడగానే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాగు తీసుకోవడానికి వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి, లోపల ఏమేం ఉన్నాయో చెప్పమంటారు.